పైకప్పు కింద తలనూనె మరక

"దయ్యం మీరేనండి," అన్నాడు జాన్‌బాబు.

కాలేజీ ఫిలిం సొసైటీలో నేను తప్ప అందరూ మగపిల్లలే. నోటీసు బోర్డు మీద "బొమ్మలు వేయగలవారు కూడా కావాలి" అని రాసి ఉంటే చూసి వెళ్ళాను. బొమ్మలు వేసేవాళ్ళు ఎవరితోనూ మాట్లాడక్కర్లేదనుకున్నాను.

జాన్‌బాబు బి.ఏ. ఆఖరి సంవత్సరం. గవర్నరుపేటలో వాళ్ళ మేనమామకు ఫొటో స్టూడియో ఉంది. పెళ్ళిళ్ళకు పనికొస్తుందని ఆయన ఒక ఎనిమిది మిల్లీమీటర్ల సినిమా కెమెరా కొన్నాడు. పెళ్ళివాళ్ళెవరూ అడగలేదు. బీరువాలో ఉన్నదాన్ని మేనల్లుడు తెచ్చుకున్నాడు. కథ కూడా జాన్‌బాబే రాశాడు. ఊరికి కొత్తగా వచ్చిన విద్యార్థి ఒక గది అద్దెకు తీసుకుంటాడు. మొదటి రాత్రి మంచం మీద పడుకుని ఉండగా, తెల్లచీర కట్టుకుని జుట్టు విరబోసుకున్న ఆడమనిషి మూల నుంచి నడిచి వస్తుంది. అంతే కథ. మాటలు లేవు. ఆ కెమెరాకు మాటలు పట్టడం రాదు.

"తెల్లచీర మా అమ్మగారిది ఉంది. జుట్టు మీకెలాగూ ఉంది," అన్నాడు.

నేను తల ఊపలేదు. ఊపలేదని ఎవరూ గమనించలేదు. దయ్యం ఖాయమైపోయింది.

మాది కూచిపూడి దగ్గర చిన్న ఊరు. మా బడిలో పంతులుగారు ప్రశ్న అడిగితే జవాబు పలక మీద రాసి చూపించేదాన్ని. ఆయన మంచివాడు, ఒప్పుకునేవాడు. ఆదివారం చర్చిలో పాటకు పెదవులు మాత్రం కదిపేదాన్ని. బెజవాడ వచ్చి, పటమటలో మా పెద్దమ్మ దానమ్మ ఇంట్లో ఉంటూ బి.ఎస్సీ.లో చేరాక ఇక పలక లేదు. కాలేజీ నుంచి బస్సులో వచ్చేటప్పుడు మా స్టాపులో ఇంకెవరూ దిగకపోతే, "ఆపండి" అనలేక కానూరు దాకా పోయేదాన్ని. అక్కడ ఎవరో ఒకరు దిగుతారు. వాళ్ళ వెనకాలే దిగి వెనక్కి నడిచి వచ్చేదాన్ని. ఇంత ఆలస్యమైందేమని పెద్దమ్మ అడిగితే ల్యాబ్ ఉందనేదాన్ని. పెద్దమ్మ లెక్కలో నేను సైన్సు చాలా శ్రద్ధగా చదువుతున్నాను.

అలాంటి నేను జుట్టు విరబోసుకుని కెమెరాకు ఎదురు నడవాలి. తరవాత దాన్ని తెర మీద కాలేజీ అంతా కూచుని చూడాలి. నావల్ల కాదని చెప్పాలన్నా మాట్లాడాలి. కాగితం మీద అయితే నాకు మాటలకు లోటు లేదు, రోజూ డైరీ రాస్తాను. ఆ వారం డైరీలో ఒకటే విషయం రాశాను: గదిని చూస్తేనే భయం వేస్తే, ఇక దయ్యంతో పనేముంది?

అయితే గది ఎలా భయపెడుతుందో నాకు తెలియదు. అది మా పెద్దమ్మ చెప్పింది, తనకు తెలియకుండానే. ఆమె పెద్దాసుపత్రిలో నర్సు. ఒక సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి, గోడకు ఆనుకుని చదువుకుంటున్న నన్ను చూసి కేకేసింది.

"గోడకు తల ఆనించబాకే! జిడ్డు పడుద్ది. మొన్ననేగా సున్నం కొట్టించింది."

ఊళ్ళో మా నాయనమ్మ ఎప్పుడూ ఒకే చోట గోడకు ఆనుకుని కూచునేది. ఆమె పోయాక ఆ చోట నల్లగా, నున్నగా, తలంత మరక మిగిలింది. మా నాన్న దాని మీద సున్నం వేశాడు. సున్నం ఆరేసరికి మరక మళ్ళీ తేలింది. ఇంకోసారి వేశాడు. మళ్ళీ తేలింది. "ఉండనీ, ఆమె మాత్రం ఎక్కడికి పోద్ది," అని మా అమ్మ సున్నం బకెట్టు లోపల పెట్టేసింది. ఆ మరక అంటే మా ఇంట్లో ఎవరికీ భయం లేదు. అది ఉండవలసిన ఎత్తులో ఉంది. కూచున్న మనిషి తల ఎక్కడికి వస్తుందో అక్కడ ఉంది.

ఉండవలసిన ఎత్తులో లేకపోతే ఎలా ఉంటుందా అని ఆలోచించాను. ఆ తరవాత చాలాసేపు పెద్దమ్మ ఇంటి గోడల పై భాగం వైపు చూడలేదు.

మర్నాడు బొమ్మ వేసి తీసుకెళ్ళి జాన్‌బాబుకు ఇచ్చాను. మామూలు అద్దె గది. మంచం, బల్ల, మంచినీళ్ళ కుండ, కిటికీ, కాలెండరు. మంచం పక్క గోడ మీద, బాగా పైన, వాసాలకు కొంచెం కిందగా తలంత మరక. బొమ్మ కింద "దయ్యం అక్కర్లేదు" అని రాశాను.

"ఇదేంటండీ, బూజా?"

"జిడ్డండి."

"ఏం జిడ్డు?"

"తలది."

అతను బొమ్మను దగ్గరగా పెట్టుకుని చూశాడు, దూరంగా పెట్టుకుని చూశాడు. పక్కనే ఉన్న పుల్లయ్య కూడా తొంగి చూశాడు. సినిమాలో అద్దెకు దిగే విద్యార్థి పుల్లయ్యే. కాలేజీ కబడ్డీ జట్టు కెప్టెను.

"దయ్యం లేకపోతే నేనెవర్ని చూసి జడుసుకోవాల్రా? గోడ్ని చూసా?" అన్నాడు పుల్లయ్య. "మా ఊళ్ళో తెలిస్తే ఇంకేమన్నా ఉందా? పుల్లిగాడు గోడ్ని చూసి జడుసుకున్నాడంట అని పాటలు కడతారు."

"నువ్వాగరా," అని జాన్‌బాబు నా వైపు తిరిగాడు. "సరేనండి మార్త గారూ. గది మీరు చెప్పినట్టే కడదాం. అయ్యాక చూసినవాళ్ళకు భయం వేసిందనుకోండి, దయ్యాన్ని తీసేద్దాం. వెయ్యలేదనుకోండి, తెల్లచీర మీదే. మాట తప్పకూడదు, నేనూ తప్పను."

ఈసారి తల ఊపాను.

కాలేజీలో దయ్యాల గదులు కట్టడానికి వీల్లేదని ప్రిన్సిపాల్ గారు చెప్పారు. అందుకని ఆటోనగర్ వెళ్ళాం. అక్కడ లారీ బాడీలు కట్టే బడే మియా గారు జాన్‌బాబు నాన్నగారికి తెలిసినవాడు. ఆయన షెడ్డులో ఒక లారీ బాడీ దిమ్మల మీద కూచుని ఉంది. చెక్కపని అంతా అయిపోయింది గానీ దాని కిందికి రావలసిన ఛాసిస్ కంపెనీ నుంచి ఇంకా రాలేదట. వచ్చేదాకా దాన్ని గదిగా వాడుకోవచ్చన్నాడు. పైన కావాలంటే ఇంకొన్ని చెక్కలు కూడా వేసి ఇస్తానన్నాడు.

"ఎంత లోడు ఎక్కిస్తారు సార్?" అని అడిగాడు.

"లోడు కాదండి. ఇది గది," అన్నాడు జాన్‌బాబు.

"గదేలే. గదిలోకి ఎంత లోడు?"

"ఒక మంచం, ఒక మనిషి."

బడే మియా మా ముగ్గురినీ వరసగా చూశాడు. "ఒక్క మనిషికి ఇంత బాడీ ఎందుకు? జీపు చాలదా?"

ఆయన చేతిలో తయారైనవన్నీ లారీలే. ఇల్లు ఎలా కడతారో తనకు తెలియదని, ఈ వయసులో కొత్తగా నేర్చుకోనని ముందే చెప్పాడు. పక్క చెక్కల మీద ఇంకా చెక్కలు పేర్చి తొమ్మిదడుగుల ఎత్తు లేపాడు. ప్రతి చెక్కకూ బోల్టులు బిగించాడు. "ఇంత గట్టిగా ఎందుకండీ, నాలుగు రోజుల పనికి," అని జాన్‌బాబు అంటే, "ఘాట్ రోడ్డులో ఊగకూడదు సార్," అన్నాడు. కిటికీ పెట్టమంటే లారీ క్యాబిన్‌ది తెచ్చి పెట్టాడు. అద్దం దించాలంటే పిడి తిప్పాలి. దానికి తెర కట్టేశాం. బయటివైపు తాళ్ళు కట్టే కొక్కేలు అలాగే ఉంచాడు.

ఒక్కటి మాత్రం ఎవరూ అంతకన్నా బాగా చేయలేరు. కెమెరా చూడాలంటే గదికి ఒక గోడ తీసేయగలిగి ఉండాలి కదా. లారీకి వెనక తలుపు ఎలాగూ ఉంటుంది. రెండు గొలుసులు వదిలితే ఆ గోడ మొత్తం కిందికి వాలుతుంది. దాని వెనక "హారన్ ప్లీజ్" అని రాయించాడు. అది రాయకుండా తలుపు షెడ్డు దాటకూడదట. సినిమా అయ్యేదాకా షెడ్డు దాటదని చెప్పినా వినలేదు.

లోపల చెక్కల మీద గోనె పట్టాలు మేకులతో బిగించి, మట్టీ పేడా కలిపి మెత్తాం. ఆరాక తుమ్మజిగురు కలిపిన సున్నం వేశాం. వాసాలు అడ్డంగా పెట్టి పైన టార్పాలిన్ పరిచాం. కాలెండరు తగిలించాం. కుండలో నీళ్ళు పోశాం. లోపల నుంచుంటే నిజంగా గదిలాగే ఉంది గానీ ఏదో తేడాగా ఉంది. ఏమిటో పుల్లయ్యకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది. పద్నాలుగు అడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు. అది మనుషులుండే కొలత కాదు, సరుకు వేసే కొలత. నేను చెప్పలేదు. ఆ తేడా నాకు పనికొస్తుంది.

మిగిలింది మరక.

మొదట పుల్లయ్య గుడ్డను కొబ్బరినూనెలో ముంచి పైకెక్కి రుద్దాడు. బజ్జీల కొట్టు గోడలాగా తయారైంది. దాన్ని చెక్కి మళ్ళీ సున్నం వేశాం. తరవాత షెడ్డులో లారీలకు పువ్వులూ చిలకలూ వేసే పెయింటరు బ్రష్షు పట్టాడు. అది దిష్టిచుక్కలాగా వచ్చింది. గదికి దిష్టి తగలకుండా పెట్టినట్టుంది తప్ప భయం వేయలేదు. అదీ చెక్కేశాం.

తలనూనె మరక తలతోనే పడుతుంది. వేరే మార్గం లేదు. మగపిల్లల క్రాపులు పనికిరావు. ముడి వేసిన జుట్టు కావాలి, రోజూ నూనె రాసే జుట్టు కావాలి. అక్కడ అలాంటిది ఒక్కటే ఉంది.

గోడ పక్కన రెండు నిచ్చెనలు నిలబెట్టి వాటి మెట్ల మీద అడ్డంగా చెక్క వేయించాను. కొబ్బరినూనెలో ఆముదం కలిపి తలకు దట్టంగా పట్టించి, కాలేజీ అయ్యాక వచ్చి, ఆ చెక్క మీదికెక్కి గోడకు తల ఆనించి కూచునేదాన్ని. పొద్దు వాలేదాకా పుస్తకం చదువుకునేదాన్ని. పరీక్షలు దగ్గర పడ్డాయి కనక ఇబ్బంది లేకపోయింది. ఆర్గానిక్ కెమిస్ట్రీ మొత్తం అక్కడే అయిపోయింది.

"బేటీ, టాపు మీద పాసింజర్ని ఎక్కించకూడదు. పోలీసోళ్ళు కేసు రాస్తారు," అని బడే మియా మొదటిరోజు నవ్వాడు. వడ్రంగులూ నవ్వారు. నాకు సిగ్గేసింది గానీ, అంత ఎత్తులో ఉన్నవాళ్ళతో ఎవరూ ఎక్కువసేపు మాట్లాడరని తెలిసింది. అది హాయిగా ఉంది.

తల ఎప్పుడూ ఒకేలా ఉండదు. నిద్ర వస్తే వాలుతుంది. ఎవరైనా వస్తున్న చప్పుడైతే తలుపు వైపు తిరుగుతుంది. అందుకని మరక మధ్యలో ముదురుగా, తలుపు వైపుకు కొంచెం సాగినట్టుగా వచ్చింది. అది నేను అనుకుని చేసింది కాదు. మొదట్లో సున్నం నా జుట్టుకే ఎక్కువ అంటుకునేది. "ఏంటే, వెనకంతా నెరిసింది?" అని పెద్దమ్మ అడిగింది. చాక్‌పీసన్నాను. నమ్మింది. తరవాత సున్నం రాలడం ఆగి గోడ నూనె తాగడం మొదలుపెట్టింది. ఒక రోజు వేలితో తాకి చూస్తే చల్లగా, నున్నగా, మా నాయనమ్మ మరకలాగే ఉంది.

ఆ రోజుల్లోనే ఇంకొకటి గమనించాను. వడ్రంగులు నవ్వడం మానేశారు. నేను పైన కూచుని ఉంటే గది దగ్గరగా నడిచేటప్పుడు తలెత్తడం కూడా మానేశారు.

గది చూడటానికి సొసైటీ వాళ్ళందరూ ఒక సెలవురోజు మధ్యాహ్నం వచ్చారు. నిచ్చెనలు తీసేశాం. జాన్‌బాబు చేతిలో కాగితంలో చుట్టిన తెల్లచీర ఉంది. బడే మియా గొలుసులు వదిలాడు, గోడ కిందికి వాలింది. అందరూ వరసగా నుంచుని చూశారు.

"బాగుంది," అన్నాడొకడు.

"కాలెండరు బాగుంది," అన్నాడు ఇంకొకడు.

పుల్లయ్య లోపలికెళ్ళి మంచం మీద కూచుని ఊగాడు. కుండలో నీళ్ళు ముంచుకు తాగాడు. "గాలీ వెల్తురూ బానే ఉన్నాయి. అద్దెకిస్తానంటే రేపే దిగుతా. హాస్టల్లో నల్లులతో చస్తన్నాం," అన్నాడు.

అందరూ నవ్వారు. ఒక్కరూ పైకి చూడలేదు. వేలు పెట్టి చూపించవచ్చు. కాని చూపిస్తే, చూపించారు కనక చూస్తారు. అది భయం కాదు. నేను బల్ల వైపు చూస్తూ నుంచున్నాను.

జాన్‌బాబు కాసేపు ఆగాడు. నా కోసమే ఆగాడని నాకు తెలుసు. తరవాత కాగితం విప్పి చీర నా చేతిలో పెట్టాడు. "ఏమనుకోకండి. గది మటుకు చాలా బాగా చేశారు," అన్నాడు. చీరకు కలరా ఉండల వాసన ఉంది.

అప్పుడు బడే మియాకు భోజనం క్యారియరు తీసుకుని ఆయన భార్య జమాల్ బీ వచ్చింది. గదిని ఆమె అప్పటిదాకా చూడలేదు.

"ఇదేనా ఇల్లు? ఎంత ముద్దుగా ఉందో!" అంటూ దగ్గరికి వచ్చింది. మంచం చూసింది, కుండ చూసింది. "సున్నం ఎవరు కొట్టారు? బాగా కొట్టారే," అని గోడ వెంబడి కిందనుంచి పైదాకా చూసుకుంటూ పోయింది. అక్కడ ఆగింది. క్యారియరు కింద పెట్టేసింది.

"పైన ఎవరమ్మా కూచునేది?" అంది.

"పైనేంటి?" అన్నాడు పుల్లయ్య.

"అదిగో. తల ఆనించే జాగా. ఒకరోజు కూచుంటే వచ్చేది కాదు అది. ఏళ్ళు పడుతుంది." ఆమె గొంతు తగ్గించింది. "తలుపు వైపుకే చూస్తా కూచునేదేమో. చూడు, ఎట్లా అరిగిందో."

అందరూ తలెత్తారు. పుల్లయ్య మంచం మీద నుంచి లేచాడు. పరిగెత్తలేదు. మంచినీళ్ళ గ్లాసు జాగ్రత్తగా కుండ మీద బోర్లించి, బయటికి వచ్చి, మా అందరి వెనకాల నుంచున్నాడు.

జాన్‌బాబు చెయ్యి చాపాడు. చీర తిరిగి ఇచ్చేశాను.

నా జీవితంలో అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. అది ఆ వారం ఆఖరుదాకా ఉంది.

ఛాసిస్ బయలుదేరిందని, సోమవారానికల్లా బాడీ ఖాళీ చేయాలని బడే మియా కబురు పంపాడు. షూటింగు శనివారం పెట్టారు. శుక్రవారం పుల్లయ్య వచ్చి తను మంచం మీద పడుకోనని చెప్పాడు.

"ఎందుకురా?"

"మా అమ్మ వద్దంది."

"మీ అమ్మ అవనిగడ్డలో ఉంది గదరా."

"ఉంటే? ఆమె మనసు నాకు తెలవదా?"

"ఒరేయ్, ఆ తల మార్త గారిదేరా. నువ్వు కూడా చూశావు, అక్కడ కూచోవడం."

"ఎందుకు చూళ్ళేదు? చూశా. వాళ్ళదే. కాదన్నానా?" పుల్లయ్య నా వైపు చూసి చేతులు జోడించాడు. "ఏమనుకోబాకండి మార్త గారూ. మీ తల మీద నాకు గౌరవమే. కింద మాత్రం పడుకోను."

జాన్‌బాబు కెమెరా పట్టుకోవాలి. మిగతావాళ్ళందరికీ శనివారం ల్యాబ్ వచ్చింది. ల్యాబ్ సంగతి నాకు తెలుసు కనక నేనేమీ అనలేదు. బడే మియాను అడిగితే, "కట్టినోణ్ణి నేనే. అక్కడ ఎవరూ లేరని నాకన్నా ఎవరికి తెలుసు సార్?" అని మళ్ళీ తన పనిలోకి వెళ్ళిపోయాడు.

జాన్‌బాబు నన్ను అడగలేదు. మాట ఇచ్చాడు కనక అడగడు. ఒక ఇటుక మీద కూచుని కెమెరా మూత తీసి పెడుతూ, తీసి పెడుతూ ఉన్నాడు. నా గది ఎవరూ లేకుండా ఉంది. అన్ని సాయంత్రాలు కూచుని చేసిన మరక సోమవారం గోడతోపాటు ఊడిపోతుంది.

"నేను పడుకుంటానండి," అన్నాను. "ముఖం గోడ వైపు పెట్టుకుంటాను. దుప్పటి నెత్తిదాకా కప్పుకుంటాను. మనిషి ఆకారం ఉంటే చాలుగా. ముఖం మాత్రం పడకూడదు."

కాలేజీలో చేరాక నేను అన్ని మాటలు ఒకేసారి మాట్లాడటం అదే మొదలు. జాన్‌బాబు కెమెరా మూత కింద పడేసుకున్నాడు.

రాత్రి సీను పగలే తీశాం. షెడ్డు చుట్టూ టార్పాలిన్లు దించారు. స్టూడియో నుంచి తెచ్చిన దీపాల్లో ఒక్కటి మాత్రం వెలిగించి గోడ పైకి తిప్పారు. ఆడపిల్ల ఒక్కతే ఉండకూడదని జమాల్ బీ వచ్చింది. గదికి పది గజాల అవతల ముక్కాలి పీట వేసుకుని, గదికి వీపు పెట్టి కూచుంది. ఉన్నది ఒకటే రీలు. మూడు నిమిషాలు వస్తుంది, రెండోసారి తీయడానికి లేదు.

నేను మంచమెక్కి గోడ వైపు తిరిగి దుప్పటి కప్పుకున్నాను. గొలుసుల చప్పుడైంది. కెమెరా తిరగడం మొదలైంది. కుట్టుమిషన్లాగా చప్పుడు చేస్తుందది.

ముక్కుకు ఎదురుగా సున్నం గోడ. అక్కడ ఏమీ లేదు. శుభ్రంగా ఉంది. నాకు భయం లేదు. పైనున్నది నా తల మరక. బెంజీన్ ఏ రోజు చదివానో, ఆ రోజు వడ్రంగి ఏ పాట పాడాడో కూడా గుర్తుంది. అయితే పడుకున్నాక ఒక సంగతి తట్టింది. ఆ మరకను నేను తయారుచేశాను గానీ, చేస్తున్నంతసేపూ అది నా తల వెనక ఉంది. నిచ్చెనలు తీసేశాక అందరితోపాటు బయట నుంచి చూశాను. ఈ మంచం మీద నుంచి ఎప్పుడూ చూడలేదు.

ఇంకొకటి కూడా తట్టింది. పైన కూచున్నప్పుడు పుస్తకం మీది నుంచి కళ్ళెత్తితే నాకు కనబడేది ఈ మంచమే. మంచం మొత్తం కనబడేది, తలగడ దగ్గర నుంచి కాళ్ళ దాకా. ఖాళీగా ఉందని రోజూ చూసేదాన్ని. ఎవరైనా వచ్చి పడుకుంటే ఇక్కణ్ణుంచి బాగా కనబడతారని ఒకరోజు అనుకున్నాను కూడా.

దుప్పటి ఎప్పుడు తీశానో తెలియదు. వెల్లకిలా తిరిగి పైకి చూశాను.

కింద పడుకుని చూస్తే అది నా తల కాదు. నా తలకన్నా పెద్దది. తలుపు వైపుకు సాగిందని జమాల్ బీ చెప్పిన భాగం మంచం మీద నుంచి చూస్తే తలుపు వైపుకు లేదు. కిందికి ఉంది. వంగి చూసేవాళ్ళ తల ఎలా ఆనుతుందో అలా ఉంది. అక్కడ కూచున్నది నేనేనని నాకు నేను చెప్పుకున్నాను. అది నేనైతే ఇక్కడ పడుకున్నదెవరని ఇంకో మాట వెంటనే వచ్చింది. దానికి జవాబు దొరికేలోపు రీలు అయిపోయింది. కెమెరా ఆగిపోయింది. నేను మాత్రం అలాగే ఉన్నాను.

జమాల్ బీ వచ్చి, వాలిన గోడకు అవతలే నుంచుని, చెయ్యి చాపి నా పాదం పట్టుకుని లాగింది. "లే బేటీ, చాలు. అయిపోయింది," అంది. లోపలికి మాత్రం రాలేదు.

సోమవారం గోనె పట్టాలన్నీ ఊడబీకేశారు. రీలు కడగడానికి బొంబాయి పంపారు. పరీక్షలు మొదలయ్యాక అది తిరిగి వచ్చింది. జాన్‌బాబు నన్ను లైబ్రరీ మెట్ల దగ్గర ఆపాడు.

"మీ ముఖం పడిందండి."

"ఎంత?"

"మొత్తం. ఆఖరి నిమిషమంతా మీరే." అతను నేల వైపు చూస్తూ మాట్లాడాడు. "మాట ఇచ్చాను కదా. మీరు వద్దంటే ఆ ముక్క కత్తిరించేస్తాను. గది ఉంటుంది, మరక ఉంటుంది. దుప్పటి కప్పుకున్న మనిషి ఉంటుంది. సినిమా అయిపోతుంది."

ఫిల్ము చూపించమన్నాను. కిటికీ దగ్గర వెలుతురుకు పట్టుకుని చూశాను. అగ్గిపుల్ల తలంత ఉన్నాను, ఒకదాని కింద ఒకటి, ఎన్నో నేనులు. అన్నీ పైకే చూస్తున్నాయి. కత్తిరించమనే చెప్పబోయాను.

కాని ఆ సెలవురోజు గుర్తొచ్చింది. మరక గోడ మీద పెట్టినట్టే ఉంది, వెలుతురు బాగానే ఉంది, అంతమంది కళ్ళున్నవాళ్ళు వరసగా నుంచుని కాలెండరు బాగుందన్నారు. జమాల్ బీ తలెత్తాకే అందరూ తలెత్తారు. ఈ ముక్క తీసేస్తే కాలేజీ అంతా కూచుని ఒక అద్దె గదిని చూస్తుంది.

"ఉంచేయండి," అన్నాను.

"నిజంగానా? ఎందుకండీ?"

"ఎవరో ఒకరు పైకి చూడాలి కదండి."

ఆఖరి పరీక్ష అయిన సాయంత్రం ఫిజిక్సు హాల్లో దుప్పటి తెరగా కట్టి సినిమా వేశారు. పెద్దమ్మను కూడా తీసుకెళ్ళాను. ఆఖరి నిమిషంలో హాలంతా ఒక్కసారి తలలెత్తి తెర పై భాగం చూశారట. ముందు వరసలో ఒక అమ్మాయి లేచి బయటికి వెళ్ళిపోయిందట. నేను అప్పుడు తల వంచుకుని చెప్పుల వైపు చూస్తున్నాను. దీపాలు వేశాక పుల్లయ్య వెనకనుంచి వచ్చి, "గది మాత్రం అదిరిందండీ. యాక్షనే కొంచెం ఓవరైంది," అన్నాడు.

పెద్దమ్మతో ఇంటికి నడిచి వస్తున్నాను. పటమట సెంటరు దాటాక ఆమె అంది:

"బానే ఉందే. ఆ గోడ చూస్తే నాక్కూడా గుండె ఝల్లుమంది. కానీ నువ్వే కాస్త ఎక్కువ చేశావ్."

"ఎక్కువేంటి పెద్దమ్మా?"

"ఆ కళ్ళు. అంత పెద్దవి చేస్తారా ఎక్కడన్నా? భయపడ్డవాళ్ళని ఆసుపత్రిలో రోజూ చూస్తన్నా. నిజంగా భయపడ్డోళ్ళెవరూ అట్టా చూడరు."

మర్నాడు హాస్టలు పిల్లల కోసం రెండో ఆట వేశారు. వెనక బెంచీలో కూచుని ఈసారి తల వంచకుండా చూశాను. పెద్దమ్మ చెప్పింది నిజమే. కొంచెం ఎక్కువగానే ఉంది.